బెంచ్‌మార్క్ స్కోర్ చూసి ప్లేయర్‌ని కొనొచ్చా? బేస్‌బాల్ 'పవర్' కొలిచే టెక్ దగ్గర నేను బోల్తా పడిన కథ

2024 డిసెంబర్ 13. మీటింగ్ మధ్యలో ఫోన్ వైబ్రేట్ అయింది. నోటిఫికేషన్ చూడగానే ఆ తర్వాత ఎవరేం మాట్లాడారో నాకు వినపడలేదు. కైల్ టకర్‌ని హ్యూస్టన్ ఆస్ట్రోస్ వాళ్లు షికాగో కబ్స్‌కి ఇచ్చేశారు. బదులుగా ముగ్గురు వచ్చారు: ఐజాక్ పారెడెస్, హేడెన్ వెస్నెస్కీ, కామ్ స్మిత్.

నేను ఉండేది హ్యూస్టన్‌లోనే. క్రికెట్ పిచ్చితో ఇక్కడికొచ్చి, మెల్లగా బేస్‌బాల్‌కి కూడా అలవాటు పడ్డాను. టకర్ నా ఫేవరెట్. ఆ రాత్రి నేను చేసిన పని, కొత్త ఫోన్ లాంచ్ అయినప్పుడు మనమంతా చేసేదే. స్పెక్ షీట్ తెరిచాను.

ఫోన్లకి బెంచ్‌మార్క్ యాప్‌లు ఉన్నట్టు, బేస్‌బాల్‌కి 'బేస్‌బాల్ సావంట్' అనే సైట్ ఉంది. పూర్తిగా ఉచితం. అందులో పారెడెస్ పేజీ చూసి మా రూమ్‌మేట్‌తో అన్నాను: "ఒరేయ్, ఫ్లాగ్‌షిప్ ఇచ్చి బడ్జెట్ ఫోన్ తెచ్చుకున్నార్రా మనోళ్లు. వీడు సీజన్ మొత్తం ఆడినా 15 హోమ్‌రన్లు దాటడు."

"దాటితే?" అన్నాడు వాడు.

"నీకు బిర్యానీ. కుటుంబానికి సరిపడా ప్యాక్."

ఆ బిర్యానీ నేను కొనివ్వాల్సి వచ్చింది. ఎందుకు ఓడిపోయానో చెప్పాలంటే, ముందు ఈ పవర్‌ని ఎలా కొలుస్తారో చెప్పాలి.

లోపల ఉన్న హార్డ్‌వేర్

మేజర్ లీగ్ బేస్‌బాల్ వాళ్లు 2015లో మొత్తం 30 గ్రౌండ్లలో 'స్టాట్‌కాస్ట్' అనే ట్రాకింగ్ సిస్టమ్ పెట్టారు. మొదట్లో రాడార్, కెమెరాలు కలిపి వాడేవాళ్లు. 2020 నుంచి హాక్‌ఐ కెమెరాలు వచ్చాయి. అవును, క్రికెట్‌లో ఎల్‌బీడబ్ల్యూ రివ్యూలకి మనం చూసే హాక్‌ఐనే. సోనీ గ్రూప్‌లోని కంపెనీ. ఒక్కో గ్రౌండ్‌లో 12 కెమెరాలు. తర్వాత వాటిలో కొన్నిటిని సెకనుకి 300 ఫ్రేములు తీసేవాటితో మార్చాక, 2024లో బ్యాట్ ఎంత వేగంగా తిరుగుతుందో కూడా అందరికీ చూపించడం మొదలుపెట్టారు.

దీంతో బయటికొచ్చే ముఖ్యమైన నంబర్లు ఇవి.

ఎగ్జిట్ వెలాసిటీ: బ్యాట్‌కి తగిలాక బంతి బయలుదేరే వేగం. గంటకి 95 మైళ్లు, అంటే సుమారు 153 కిలోమీటర్లు దాటితే 'హార్డ్ హిట్' అంటారు. లీగ్ సగటు 88, 89 మైళ్ల దగ్గర ఉంటుంది. స్టాట్‌కాస్ట్ లెక్కల్లో అత్యధికం పిట్స్‌బర్గ్ ఆటగాడు ఓనీల్ క్రూజ్ 2025 మేలో కొట్టిన 122.9 మైళ్లు. కిలోమీటర్లలో దాదాపు 198!

లాంచ్ యాంగిల్: బంతి ఎంత కోణంలో పైకి లేచింది. సున్నా దగ్గర ఉంటే నేల మీద పాకుతుంది. 50 దాటితే ఆకాశంలోకి లేచి ఫీల్డర్ చేతిలో పడుతుంది.

బ్యారెల్: పై రెండూ సరిగ్గా కుదిరిన దెబ్బ. కనీసం 98 మైళ్ల వేగం ఉండాలి, ఆ వేగం దగ్గర కోణం 26 నుంచి 30 డిగ్రీల మధ్య పడాలి. వేగం పెరిగేకొద్దీ కోణంలో వెసులుబాటు పెరుగుతుంది.

బ్యాట్ స్పీడ్: లీగ్ సగటు 72 మైళ్ల దగ్గర. 75 దాటితే ఫాస్ట్ స్వింగ్ కింద లెక్క.

కెమెరాలు రాకముందు నుంచీ ఉన్న పాత కొలత ఇంకొకటి ఉంది: ఐసో. స్లగ్గింగ్ సగటులోంచి బ్యాటింగ్ సగటు తీసేస్తే వస్తుంది. అంటే సింగిల్స్‌కి విలువ సున్నా, డబుల్‌కి 1, ట్రిపుల్‌కి 2, హోమ్‌రన్‌కి 3. అవన్నీ కూడి, ఆడిన ఎట్‌-బ్యాట్స్‌తో భాగిస్తే అసలు పవర్ ఎంతో తెలుస్తుంది.

నేను చదివిన స్పెక్ షీట్

2024లో టకర్ ఐసో 0.296. కాలి ఎముక విరిగి 78 మ్యాచ్‌లే ఆడినా 23 హోమ్‌రన్లు కొట్టాడు. పారెడెస్ ఐసో 0.155. సగటు ఎగ్జిట్ వెలాసిటీ లీగ్ సగటు కంటే తక్కువ. హార్డ్ హిట్ శాతంలో లీగ్‌లో అట్టడుగు వరుస. బ్యాట్ స్పీడ్ కూడా నెమ్మదే. సీజన్ మధ్యలో టాంపా బే నుంచి కబ్స్‌కి వెళ్లాక 52 మ్యాచ్‌ల్లో కొట్టిన హోమ్‌రన్లు మూడంటే మూడే.

నా కేసు అక్కడితో క్లోజ్. కానీ ఒక్క లైన్ నేను పట్టించుకోలేదు. 2023లో టాంపా బేకి ఆడుతూ ఇదే మనిషి 31 హోమ్‌రన్లు కొట్టాడు. 'లక్కు' అనుకుని వదిలేశాను. బెంచ్‌మార్క్ తక్కువొచ్చిన ఫోన్ రోజువారీ వాడకంలో ఎక్కడా తడబడకుండా నడుస్తుంటే మనం ఏమంటాం? 'సాఫ్ట్‌వేర్ ఆప్టిమైజేషన్ బాగుంది' అంటాం. అదే ఆలోచన ఇక్కడ నాకు తట్టలేదు.

నేనే కొట్టి చూస్తే తెలిసింది

మార్చిలో మేమిద్దరం ఒక బ్యాటింగ్ కేజ్‌కి వెళ్లాం. ప్రతి దెబ్బకీ వేగం, కోణం, దూరం తెర మీద చూపించే సిస్టమ్ ఉంది అక్కడ. 20 బంతులు ఆడాను. నా అత్యధిక వేగం 71 మైళ్లు. గర్వంగా తిరిగి చూస్తే, పక్కనే కోణం: మైనస్ 9. దూరం చూసి వాడు పగలబడి నవ్వాడు. బంతి నా ముందే నేలకి కొట్టుకుంది. ఆ రోజు నేను ఎక్కువ దూరం కొట్టిన బంతి వేగం 63 మైళ్లే, కానీ కోణం 27.

"నీ మాక్స్ స్కోర్ ఎవడిక్కావాల్రా? ఎటు కొట్టావో చూసుకో" అన్నాడు.

ఇంటికొచ్చి పారెడెస్ పేజీ మళ్లీ తెరిచాను. ఈసారి వేగం కాదు, దిశ చూశాను.

315, 355, 315

పారెడెస్ కుడిచేతి వాటం. హోమ్‌రన్లు ఇంచుమించు అన్నీ ఎడమ వైపుకే పోతాయి. మన భాషలో చెప్పాలంటే లెగ్ సైడ్ పుల్. బంతిని గాల్లోకి లేపి, ఎడమ ఫౌల్ లైన్ పక్కనుంచి దాటిస్తాడు. గ్రౌండ్‌లో అన్నిటికంటే దగ్గరి గోడ అక్కడే ఉంటుంది. 400 అడుగుల దూరంలో ఉన్న సెంటర్ ఫీల్డ్ జోలికే పోడు.

ఇప్పుడు మూడు గ్రౌండ్లు చూడండి. టాంపా బే వాళ్ల ట్రోపికానా ఫీల్డ్‌లో ఎడమ లైన్ దూరం 315 అడుగులు. కబ్స్ వాళ్ల రిగ్లీ ఫీల్డ్‌లో 355. హ్యూస్టన్‌లో? మళ్లీ 315. ఆ గోడ మీద ఉండే సీట్లనే 'క్రాఫర్డ్ బాక్సెస్' అంటారు.

బంతి వేగం ఒక మైలు పెరిగితే దూరం సుమారు 5 అడుగులు పెరుగుతుందని రఫ్‌గా లెక్కేస్తారు. అంటే రిగ్లీలో ఆ అదనపు 40 అడుగులు దాటాలంటే ఇంకో 8 మైళ్ల వేగం కావాలి. అది పారెడెస్ దగ్గర లేదు. హ్యూస్టన్‌లో దాని అవసరమే లేదు. అప్పటికే ఈ గోడ అండతో ఇలాంటి ఆటే ఆడిన అలెక్స్ బ్రెగ్‌మన్ 2019లో 41 హోమ్‌రన్లు కొట్టాడు. ఆ సీజన్ గురించి తెలిసి కూడా నేను మర్చిపోయాను.

ఆ పేజీలోనే ఇంకో టూల్ ఉంది. ఒక ఆటగాడు కొట్టిన బంతులు 30 గ్రౌండ్లలో ఒక్కోదాంట్లో ఎన్ని హోమ్‌రన్లు అయ్యేవో చూపిస్తుంది. డిసెంబర్‌లో ఆ ట్యాబ్ ఒక్క క్లిక్ దూరంలో ఉంది. నొక్కలేదు.

2025లో పారెడెస్ 102 మ్యాచ్‌ల్లో 20 హోమ్‌రన్లు కొట్టాడు. ఆల్‌స్టార్ కూడా అయ్యాడు. జూలై నాటికే నా బిర్యానీ పోయింది. ఆ నెలలోనే తొడ వెనక కండరం గాయంతో అతను ఆటకి దూరమయ్యాడు. సీజన్ చివరికి ఆస్ట్రోస్ 87 విజయాలతో నిలిచి, టైబ్రేకర్‌లో ప్లేఆఫ్స్ పోగొట్టుకుంది. 2016 తర్వాత ఇదే మొదటిసారి. పారెడెస్ సీజన్ అంతా ఆడుంటే ఇంకొక్క మ్యాచ్ గెలిచేవాళ్లమా? ఎన్ని కెమెరాలు పెట్టినా దానికి జవాబు రాదు. కానీ 'వీడు దండగ' అన్న నేనే, సెప్టెంబర్‌లో ఆ మనిషి ఎప్పుడు తిరిగొస్తాడా అని రోజూ వార్తలు వెతికాను.

అయితే బెంచ్‌మార్క్ పనికిరాదా?

అలా కూడా అనలేం. వేగంగా కొట్టేవాడికి ఏ గ్రౌండ్ అయినా ఒకటే. పారెడెస్ లాంటి వాడికి గ్రౌండ్ కుదరాలి. పైగా 162 మ్యాచ్‌ల్లో 81 బయట గ్రౌండ్లలోనే ఆడాలి. బ్యాట్ స్పీడ్ తక్కువగా ఉన్నవాడు వయసుతో ఇంకొంచెం నెమ్మదిస్తే చేతిలో మిగిలే మార్జిన్ కూడా తక్కువే. ఆ రిస్క్ నిజమే.

టకర్ విషయంలోనూ నేను చూడనిది ఒకటుంది. అతని కాంట్రాక్ట్‌లో మిగిలింది ఒక్క ఏడాది. పారెడెస్ మీద టీమ్‌కి మూడేళ్ల హక్కు వచ్చింది. ఒక్క ఏడాది అప్‌డేట్లే మిగిలిన ఫ్లాగ్‌షిప్, మూడేళ్ల అప్‌డేట్లున్న మిడ్‌రేంజ్. ఏది తీసుకోవాలన్నది మీ అవసరం బట్టి ఉంటుంది. మనసు మాత్రం ఫ్లాగ్‌షిప్ వైపే లాగుతుంది, అది వేరే సంగతి.

ఇప్పుడు మా టీమ్‌కి ఎవరి పేరు వినపడినా నేను చూసే వరుస ఇది:

1. టాప్ ఎగ్జిట్ వెలాసిటీ, బ్యాట్ స్పీడ్: ఇది ఇంజిన్ కెపాసిటీ.
2. బ్యారెల్ శాతం, గాల్లోకి పుల్ చేసే శాతం: ఉన్న ఇంజిన్‌ని ఎంత బాగా వాడుతున్నాడు.
3. 30 గ్రౌండ్ల టూల్‌లో మా గ్రౌండ్ నంబర్: మన చేతిలో ఎలా నడుస్తుంది.
4. వయసు, కాంట్రాక్ట్, గాయాల చరిత్ర: ధర, వారంటీ.

మొదటి లైన్ చూసి ఆగిపోతే నాలాగే బిర్యానీ కొనిస్తారు.

అన్నట్టు, ఆ రోజు టకర్‌తో మారకమై వచ్చిన ముగ్గురిలో అందరికంటే చిన్నవాడు కామ్ స్మిత్. 2024 డ్రాఫ్ట్‌లో 14వ ఎంపిక. 2025 సీజన్ తొలి రోజే జట్టులో ఆడేశాడు. మొన్న మా రూమ్‌మేట్ అడిగాడు: "వీడి మీద ఏమంటావ్? మళ్లీ పందెం వేస్తావా?"

"ఆగరా" అన్నాను. "ముందు నాలుగు ట్యాబ్‌లూ తెరవనీ."