దుబాయ్ మనవాళ్ల ఊరే.. అయినా సూట్‌కేస్ సర్దే ముందు ఇవి చూసుకోండి

హైదరాబాద్ పాతబస్తీ అయినా, కడప అయినా, నిజామాబాద్ అయినా గల్ఫ్‌లో ఒక్క చుట్టం కూడా లేని ముస్లిం ఇల్లు అరుదు. కొడుకో, అల్లుడో, చాచానో దుబాయ్‌లోనో షార్జాలోనో ఉంటారు. అందుకే సెలవులు రాగానే ‘ఓ పదిరోజులు దుబాయ్ చూసొద్దాం’ అనుకునే కుటుంబాలకు అది పరాయి దేశంలా అనిపించదు. విమానం నాలుగు గంటల్లో దించేస్తుంది. ఉర్దూతో పని నడిచిపోతుంది. హలాల్ తిండి కోసం వెతుక్కోనక్కర్లేదు, నమాజుకు ఎటు చూసినా మసీదులే. చిక్కు వచ్చేది కూడా ఈ ధీమాతోనే. యూరప్ వెళ్లేవాళ్లు నెలల ముందు నుంచే కాగితాలు సర్దుకుంటారు. దుబాయ్ వెళ్లేవాళ్లు ముందు రోజు రాత్రి సంచులు కుక్కుతారు. ఆ సంచిలోని మసాలా పొట్లం, అమ్మీ వేసుకునే నిద్రమాత్ర, పాస్‌పోర్టులో సగమే ఉన్న పేరు.. ఎయిర్‌పోర్టులో ఆపేసేది ఇలాంటివే.

ముందుగా పేరు సంగతి. మన ఇళ్లలో ఒకే మనిషి పేరు నాలుగు కాగితాల్లో నాలుగు రకాలుగా ఉంటుంది. ఒకచోట మొహమ్మద్ అని పూర్తిగా, ఇంకోచోట ఎండీ అని రెండక్షరాలు. ఒకచోట షేక్ ముందు, మరోచోట చివర. ప్రయాణానికి లెక్క పాస్‌పోర్టు ఒక్కటే. టికెట్, వీసా రెండింటిలోనూ పేరు దాని ప్రకారమే, అక్షరం తేడా లేకుండా ఉండాలి. ఆధార్ చూసి టికెట్ బుక్ చేస్తే తిప్పలు తప్పవు.

దాదీమా, నానీమాల పాస్‌పోర్టులైతే ఇంకా జాగ్రత్తగా చూడాలి. ఇంటిపేరు గడి ఖాళీగా వదిలేసి, ‘ఖాజాబీ’ అని ఒక్క మాటే రాసి ఉండటం మామూలే. యూఏఈ 2022 నవంబర్‌లో ఇలా ఒకే మాట పేరున్న పాస్‌పోర్టులతో వచ్చే విజిట్, టూరిస్ట్ వీసా ప్రయాణికులను అనుమతించబోమని విమాన సంస్థలకు చెప్పింది. ఆ తర్వాత, పాస్‌పోర్టు రెండో పేజీలో తండ్రి పేరో కుటుంబం పేరో ఉంటే పర్వాలేదని వివరణ వచ్చింది. కానీ చెక్-ఇన్ కౌంటర్ దగ్గర నిలబడి ఈ వాదన చేయడం కంటే, టికెట్ కొనే ముందే విమాన సంస్థను అడగడం మేలు. పాస్‌పోర్టులో పేరు మార్చాలంటే రీ-ఇష్యూకు దరఖాస్తు చేయాలి. దానికి వారాలు పట్టొచ్చు కాబట్టి, ఇంట్లో అందరి పాస్‌పోర్టులూ తెరిచి చూసే పని అన్నిటికంటే ముందు చేయండి. గడువు కూడా అప్పుడే చూడండి, కనీసం ఆరు నెలలు మిగిలి ఉండాలి.

వీసా దొరకడం పెద్ద కష్టమేమీ కాదు. 30 రోజులకు, 60 రోజులకు టూరిస్ట్ వీసాలున్నాయి. విమాన సంస్థలు, ట్రావెల్ ఏజెంట్లు ఇప్పిస్తారు, అక్కడ ఉద్యోగం చేస్తున్న దగ్గరి బంధువులూ తీయొచ్చు. తిరుగు టికెట్, హోటల్ బుకింగ్ లేదా బంధువుల ఇంటి వివరాలు చేతిలో ఉండాలి. గడువు దాటితే రోజుకు 50 దిర్హామ్‌ల జరిమానా, అదీ మనిషికి. ఐదుగురి కుటుంబం లెక్క తప్పి నాలుగు రోజులు ఎక్కువ ఉంటే వెయ్యి దిర్హామ్‌లు పోయినట్టే.

ఇక్కడే ఇంకో మాట. ‘టూరిస్ట్ వీసా మీద పంపిస్తా, అక్కడికెళ్లాక పని ఇప్పిస్తా’ అనే ఏజెంటు దాదాపు ప్రతి ఊళ్లోనూ ఉంటాడు. ఆ వీసా మీద పని చేయడం యూఏఈలో నేరం. జీతం ఎగ్గొట్టినా, పాస్‌పోర్టు లాక్కున్నా ఫిర్యాదు చేయడానికే భయపడాల్సిన పరిస్థితి. ఇళ్లలో పనికని వెళ్లే ఆడవాళ్లు ఎక్కువగా చిక్కుకునేది ఇలాగే. పాస్‌పోర్టు మీద ఈసీఆర్ ఉన్నవాళ్లు నిజంగా చూడ్డానికే వెళ్తుంటే ఎమిగ్రేషన్ క్లియరెన్స్ అక్కర్లేదు. అయితే కౌంటర్‌లో ప్రశ్నలు కాస్త ఎక్కువే అడుగుతారు. ఎవరింటికి, ఎన్ని రోజులకు అన్నది తడబడకుండా చెప్పగలగాలి.

ఇక సంచి. దుబాయ్‌లో ఉన్న కొడుక్కి ఇంటి మసాలా తీసుకెళ్లని అమ్మీ ఉండదు. ఆ మసాలాలో గసగసాలు ఉన్నాయేమో చూడండి. మనకు కిరాణా కొట్టులో దొరికే ఖస్‌ఖస్ యూఏఈలో నిషేధం. నల్లమందు మొక్క గింజలు కాబట్టి అక్కడ మత్తు పదార్థాల లెక్కలోకి వస్తాయి. ‘కూరలో వేసుకునేదే సాబ్’ అంటే వినరు. విడిగానే కాదు, కుర్మా కోసం నూరి పెట్టిన పొడిలో కూడా వద్దు. పాన్, తమలపాకులు, గుట్కా కూడా ఇంటి దగ్గరే వదిలేయాలి. ఎండు కొబ్బరి సంగతి వేరు. నూనె ఎక్కువగా ఉండి త్వరగా అంటుకుంటుందని విమానం లగేజీలో దాన్ని ఇక్కడే ఆపుతారు. పచ్చడి సీసాలు చెక్-ఇన్ బ్యాగులో, పవర్ బ్యాంకు చేతి సంచిలో. తారుమారు చేయొద్దు.

మందుల విషయంలో ఇంకా గట్టిగా ఉంటారు. ఇక్కడ డాక్టర్ చీటీ మీద రోజూ వేసుకునే ట్రమడాల్ లాంటి నొప్పి మాత్రలు, కోడీన్ ఉన్న దగ్గు సిరప్, అల్ప్రాజోలం లాంటి నిద్ర, ఆందోళన మాత్రలు, నరాల మంటకు ఇచ్చే ప్రీగాబలిన్ అక్కడ నియంత్రణలో ఉన్న మందులు. షుగర్‌తో కాళ్ల మంటలున్న పెద్దవాళ్లలో చాలామంది ప్రీగాబలిన్ వాడుతుంటారు. మాత్ర మీద కంపెనీ పేరు వేరే ఉంటుంది కాబట్టి లోపలున్న మందు ఏదో ఇంట్లోవాళ్లకే తెలియదు. అందుకని పెద్దవాళ్ల మందుల డబ్బా మొత్తం ఒకసారి డాక్టర్‌కో ఫార్మసిస్టుకో చూపించి అసలు పేర్లు రాయించుకోండి. నియంత్రణలో ఉన్నవి తప్పనిసరైతే యూఏఈ ప్రభుత్వం నుంచి ఆన్‌లైన్‌లో ముందే అనుమతి తీసుకోవాలి. దానికి డాక్టర్ చీటీ, జబ్బు వివరాల కాగితం అడుగుతారు. బీపీ, షుగర్ మాత్రలకు ఇంత తతంగం లేదు. అయినా చీటీ వెంట పెట్టుకుని, కంపెనీ స్ట్రిప్పుల్లోనే తీసుకెళ్లాలి. మాత్రలన్నీ విప్పి ఒకే సీసాలో పోసే అలవాటు ఈ ప్రయాణంలో వద్దు. వైద్యం అక్కడ ఖరీదు, పెద్దవాళ్లు వెంట ఉంటే ట్రావెల్ ఇన్సూరెన్స్ తీసుకోకుండా బయల్దేరకండి. పాత జబ్బులకు అది వర్తిస్తుందో లేదో కూడా అడగండి.

డబ్బు సంగతికొస్తే, మన నోట్లు మనిషికి 25,000 రూపాయలకు మించి దేశం దాటించకూడదు. దిర్హామ్ డాలరుకు 3.67 చొప్పున కట్టేసి ఉంటుంది కాబట్టి డాలరు పెరిగితే అదీ పెరుగుతుంది. కొంత నగదు, మిగతాది కార్డులో పెట్టుకోవడం నయం. కార్డు విదేశాల్లో వాడేలా బ్యాంకు యాప్‌లో ఆన్ చేసుకోవడం చాలామంది మర్చిపోతారు. అక్కడి ప్లగ్గులకు చదరపు పిన్నులు మూడుంటాయి, మన చార్జర్‌కు అడాప్టర్ కావాలి.

వాట్సాప్‌లో మెసేజ్‌లు వెళ్తాయి, కాల్స్ వెళ్లవు. అక్కడ అనుమతి ఉన్న బాటిమ్ లాంటి యాప్ మీ ఫోన్లోనే కాదు, ఇంటి దగ్గరున్నవాళ్ల ఫోన్లో కూడా బయల్దేరే ముందే వేయించాలి. లేకపోతే మొదటి రోజే ‘ఫోన్ కలవట్లేదు’ అని ఊళ్లో కంగారు. మాల్‌లో, బీచ్‌లో ఫొటోలు తీసేటప్పుడు తెలియని వాళ్లు, ముఖ్యంగా ఆడవాళ్లు ఫ్రేములో పడకుండా చూసుకోండి. అనుమతి లేకుండా ఫొటో తీయడం, పోస్ట్ చేయడం కేసు దాకా వెళ్తుంది. మెట్రోలో ఆడవాళ్లకు, పిల్లలకు వేరే పెట్టె ఉంటుంది, అందులోకి మగవాళ్లు ఎక్కితే 100 దిర్హామ్‌లు కట్టాలి. తినడం, తాగడం కూడా అక్కడ కుదరదు.

మనవాళ్లు అసలు ఊహించనిది ఒకటుంది. ఊళ్లో మసీదు కడుతున్నామనో, పేద పిల్ల పెళ్లనో అక్కడి పరిచయస్తుల దగ్గర చందా పోగు చేయడం. అనుమతి పొందిన సంస్థలు తప్ప మామూలు మనుషులు చందాలు అడగడం యూఏఈ చట్టం ప్రకారం నేరం. గ్రూపులో మెసేజ్ పెట్టినా అంతే. ఉద్దేశం మంచిదే అయినా, దాని భారం మీకు ఇల్లిచ్చిన బంధువు ఉద్యోగం మీద కూడా పడొచ్చు.

ఏదైనా కష్టం వస్తే పోలీసులకు 999, అంబులెన్స్‌కు 998. భారతీయుల కోసం మన ప్రభుత్వ సహాయ కేంద్రం పీబీఎస్‌కే టోల్‌ఫ్రీ నంబర్ 800 46342. కాగితం మీద రాసి పెద్దవాళ్ల జేబులో పెట్టండి, ఫోన్ చార్జింగ్ అయిపోయినా ఉంటుంది.

చివరిగా బంగారం. పెళ్లి నగలు వేసుకుని వెళ్తుంటే, బయల్దేరేటప్పుడే ఎయిర్‌పోర్టు కస్టమ్స్ దగ్గర చూపించి ఎక్స్‌పోర్ట్ సర్టిఫికెట్ తీసుకోండి. తిరిగొచ్చాక ‘ఇవి మావే’ అనడానికి అదే రుజువు. నగదు, బంగారం విలువ 60,000 దిర్హామ్‌లు దాటితే యూఏఈలో దిగగానే డిక్లేర్ చేయాలి. గోల్డ్ సూక్‌లో కొనుక్కుని వచ్చేవాళ్లు ఆడవాళ్లకు 40 గ్రాములు, మగవాళ్లకు 20 గ్రాములు ఫ్రీ అని నమ్ముతారు. ఆ మినహాయింపు ఏడాదికి పైగా విదేశంలో ఉండి వచ్చేవాళ్లకు, పదిరోజుల టూరిస్టుకు కాదు. బిల్లు దాచుకుని, దిగగానే రెడ్ చానల్‌లోకే వెళ్లండి.