మంచుకు తగిన స్కీ

తెలుగువారికి మంచు అను మాట యొక్కటే. గడ్డిపరకపై నిలుచు బిందువు మంచే. ఉదయమున దారి కనబడనీయని తెల్లని పొగవంటిదియు మంచే. హిమాలయ శిఖరములపై పేరుకొనునదియు మంచే. ఇంతకంటె ఎక్కువ మాటలతో వారికి పని పడలేదు. మంచునేలపై బ్రతుకు సాగించువారికి మాత్రము ఈ ఒక్క మాట చాలదు. రాత్రి కురిసినది వేరు. రెండు దినముల క్రిందట కురిసి గాలికి బిగిసినది వేరు. పగటి ఎండకు కరగి రాత్రి చలికి గడ్డకట్టినది వేరు. ఈ భేదము నెరుగక కాలు మోపినవాడు పడును. పడినచో కాలు విరుగవచ్చును. ఒక్కొక్కప్పుడు ప్రాణమే పోవచ్చును.

కొమురం భీం ఆసిఫాబాదు జిల్లాలో గోలేటి యను బొగ్గుగనుల ఊరు కలదు. సింగరేణి సంస్థవారి బెల్లంపల్లి ఏరియా కార్యాలయ మచటనే యున్నది. అక్కడ వేసవిలో ఎండ నలువదియైదు డిగ్రీల దాక ఎక్కును. శీతకాలమున పొరుగుననున్న తిర్యాణి మండలములో ఉష్ణోగ్రత ఆరు డిగ్రీలకు, ఒక్కొక్క ఏడు అంతకంటె తక్కువకు దిగుటయు కలదు. తెల్లవారుజామున మొదటి షిఫ్టునకు పోవు కార్మికులు చెవులకు మఫ్లరు చుట్టుకొని, చలిమంట కడ ఒక నిమిషము నిలిచి పోవుదురు. ఐనను ఆ నేలపై హిమము కురియదు. అయినప్పటికి మంచుపై జారు స్కీ యొక్క మర్మమును గ్రహించుటకు గోలేటి బాలురు దూరము పోనక్కరలేదు. వారి ఊరి నేలయే దానిని నేర్పును.

వానకాలమున నల్లరేగడిలో బరువుతో పోవు ఎడ్లబండి ఇరుసు దాక దిగబడును. అదే పొలములో బండికంటె ఎన్నో రెట్లు బరువైన పొక్లెయిను దిగబడక నడచును. బండి బరువంతయు రెండు సన్నని ఇనుపకమ్ముల మీదనే యుండును. పొక్లెయిను బరువు వెడల్పైన గొలుసుపట్టాల మీద పరచుకొనును. నాటు వేయుటకు ముందు మడిని దమ్ముచేయు ట్రాక్టరును చూచినను ఈ విషయమే తెలియును. దానికి రబ్బరు చక్రములు చాలవు. దమ్ముచక్రములు, అనగా కేజీ వీల్సు, తగిలింతురు. బురదలో అవి చక్కగా పనిచేయును. వానితోనే తారురోడ్డెక్కినచో రోడ్డు చెడును, బండి కుదుపునకు మనిషి నడుము విరుగును. బురదకు మంచిదైన చక్రము రోడ్డునకు చెడ్డది. రోడ్డునకు మంచిదైన చక్రము బురదకు చెడ్డది. స్కీల నెన్నుకొనుటలోని చిక్కంతయు ఇదియే.

స్కీ యనగా బూటు క్రింద బిగించుకొను పొడవైన పలక. అరువది కిలోల బరువుగల మనుష్యుడు బూట్లతో మంచుపై నిలుచున్నాడనుడు. ఒక్కొక్క బూటు అడుగు సుమారు ముప్పది సెంటీమీటర్ల పొడవు, పది సెంటీమీటర్ల వెడల్పు. రెండు పాదములకును కలిపి 600 చదరపు సెంటీమీటర్లు. అనగా ప్రతి చదరపు సెంటీమీటరు మీదను 100 గ్రాముల బరువు పడును. అడుగు వేయుటకు ఒక కాలెత్తినచో అది 200 గ్రాములగును. అతడే 180 సెంటీమీటర్ల పొడవు, పది సెంటీమీటర్ల వెడల్పు గల స్కీలపై నిలిచినచో, రెంటికిని కలిపి వైశాల్యము 3,600 చదరపు సెంటీమీటర్లు. బరువు చదరపు సెంటీమీటరునకు 17 గ్రాములకు తగ్గును. ఒక ఘనమీటరు నీరు వేయి కిలోలు తూగును. అప్పుడే కురిసిన పొడిమంచు అంతే పరిమాణము ఏబది మొదలు నూరు కిలోలే తూగును. అందులో పది పాళ్ళకు తొమ్మిది పాళ్ళు గాలియే. అట్టిదానిపై మనుష్యుడు తేలవలెనన్న బరువును పరచుట తప్ప మార్గము లేదు.

నిజామాబాదు జిల్లా పాకాల గ్రామమున జన్మించిన మలావత్ పూర్ణ భువనగిరి కొండబండపై ఎక్కుట నేర్చి, 2014 మే 25న, పదునాలుగేండ్లు నిండకమునుపే ఎవరెస్టు శిఖరమును చేరెను. అట్టి ఆరోహణమున బూట్లకు ఇనుపముండ్లు గట్టుకొందురు. ఆ ముండ్లు గట్టిమంచులో దిగవలెను. స్కీ మాత్రము దిగరాదు, తేలి జారవలెను. కొండ యొక్కటే యైనను పనిని బట్టి పాదుక మారును.

స్కీ క్రొత్త వస్తువు కాదు. స్వీడను దేశపు బురదనేలలో ఐదువేల ఏండ్లకు పైబడిన కొయ్యస్కీలు దొరకినవి. 1888లో ఫ్రిట్యోఫ్ నాన్సెన్ ఐదుగురు సహచరులతో గ్రీన్లాండును స్కీలపైననే దాటెను. ఆ కాలమునకే నార్వే దేశపు టెలిమార్కు సీమలో సోండ్రె నోర్హైమ్ అను రైతుబిడ్డ స్కీ నడుమును సన్నగా చెక్కి గొప్ప మార్పు తెచ్చియుండెను. డమరుకమువలె మధ్య సన్నగిల్లిన పలకను ప్రక్కకు ఒరగించి బరువు మోపినచో, దాని వంపుటంచు మంచును వృత్తలేఖిని గీసినట్లు కోయుచు తిరుగును. నేటి స్కీ లన్నియు ఇంచుమించుగా ఈ నడుమును కలవియే.

ఇక అడుగు యొక్క వంపు. స్కీని గచ్చుపై నుంచి ప్రక్కనుండి చూచినచో, పూర్వపు స్కీ మధ్యభాగము విల్లువలె కొంచెము పైకి లేచి, మొనయు తోకయు నేల నంటియుండును. దీనిని క్యాంబరు అందురు. మనుష్యుడు పైకెక్కగనే ఆ విల్లు అణగి, బరువు రెండు కొనలకును ప్రాకును. అంచు పొడవంతయు గట్టిమంచును కొరుకును. కావున జారుడునేలపై పట్టు తప్పదు. కాని లోతైన పొడిమంచులో ఇదే శత్రువగును. మొన క్రిందికి దిగి మంచులో దూరును. కాళ్ళాగును, దేహ మాగదు.

దీనికి విరుగుడు రాకరు. ప్రాణహితలో నడచు నాటుపడవ మొన ఎట్లు పైకి లేచియుండునో, రాకరు గల స్కీ మొన అట్లే ముందునుండియే మెల్లగా లేచును. పడవ నీటిని చీల్చక పైకెక్కినట్లు స్కీ మంచుపైకెక్కును. ఈ పోలిక ఊరక చెప్పినది కాదు. షేన్ మెకాంకీ అను సాహసి నీటిపై జారు స్కీలను చూచియే, లోతైన మంచు గట్టినేలవంటిది కాదు, నీటివంటిది అని తలపోసెను. అతని తలపుననుసరించి 2002 ప్రాంతమున వొలాంట్ సంస్థ స్పాచులా అను స్కీని వెలువరించెను. దాని అడుగు పడవవలె రెండువైపుల లేచినది. నడుము సన్నగిల్లుటకు మారుగా వెడల్పైనది. నోర్హైము నేర్పినదంతయు తలక్రిందులు చేసినట్లాయెను. పొడిమంచులో అది అద్భుతముగా తేలెను; గట్టిమంచుపై దానిని నడుపుట కష్టము. తరువాతివారు రెండు పద్ధతులను కలిపి, మొనకడ రాకరు, పాదము క్రింద క్యాంబరు, కొన్నిటికి తోకకడ మరల కొద్ది రాకరు ఉంచిరి. కొండయంతట తిరుగుటకు ఉద్దేశించిన నేటి స్కీ లనేకము ఈ జాతివే.

అట్టి స్కీ ఎందుకు కావలెనో కాశ్మీరమందలి గుల్మార్గులో ఒక దినము గడపిన తెలియును. ఆ ఊరు సముద్రమట్టమునకు 2,650 మీటర్ల ఎత్తున నున్నది. అచటి తీగెబండి అఫర్వట్ కొండభుజముపై సుమారు 3,950 మీటర్ల దాక పోవును. శిఖరపు వెన్నున గాలి తాకిన మంచు పెంకువలె బిగిసియుండును. దానికి కొంత దిగువను, గాలి చొరని పల్లములలో మోకాలిలోతు పొడిమంచు. ఇంకను దిగువను దేవదారు చెట్ల నడుమ ఎగుడుదిగుడు. ఊరి దగ్గర యంత్రముతో చదునుచేసిన వాలు. ఎండ కాచిన మధ్యాహ్నమున అది చిత్తడి. ఒక్క దిగుడులోనే ఇన్ని నేలలు తగులును. దారిలో చక్రములు మార్చుకొనుటకు వీలులేదు.

స్కీ వెడల్పును నడుము కడ మిల్లీమీటర్లలో కొలుతురు. ఎనుబదికి లోబడినవి చదునుచేసిన గట్టివాలునకు. నూటయైదుకు మించినవి లోతైన పొడిమంచునకు. ఎనుబదియైదు మొదలు నూరు దాక గలవి అన్ని నేలలకును ఓర్చునవి. ఓర్చునవియే గాని, దేనియందును మేటి కావు. అన్ని మంచులందును ఒకే తీరున మెప్పించు స్కీ యని అంగడివాడు చెప్పినచో కొనువాడు నమ్మరాదు.

రాకరు గల స్కీ కొలత విషయమున మోసపుచ్చును. 180 సెంటీమీటర్ల స్కీకి ముందు ముప్పదియైదు, వెనుక ఇరువది సెంటీమీటర్లు లేచియున్నచో, గట్టిమంచుపై నేల నంటునది 125 సెంటీమీటర్లే. అందుచే తిరుగుట సులభమగును, పట్టు తగ్గును. పొడిమంచులో మాత్రము పొడవంతయు పనికివచ్చును. కావుననే అనుభవజ్ఞులు రాకరు స్కీని తమ ఎత్తునకు సమముగనో, కొంచె మెక్కువగనో తీసికొందురు. క్రొత్తగా నేర్చువారికి గడ్డమునకును ముక్కునకును నడుమ వచ్చు పొడవు చాలును.

గోలేటినుండి ఒక యువకుడు గుల్మార్గునకు పోయి, కేంద్ర పర్యాటక శాఖవారి స్కీ, పర్వతారోహణ శిక్షణ సంస్థలో చేరెననుడు. మొదటి వారమంతయు అతడు చదునైన వాలుపైననే తిరుగును. అతనికి నూటపదిహేను మిల్లీమీటర్ల పొడిమంచు స్కీ నిచ్చుట, తారురోడ్డుపై బండి నేర్చుకొనువానికి దమ్ముచక్రముల ట్రాక్టరు నిచ్చుట వంటిది. ప్రక్కకు ఒరగించుటకే అతని మోకాళ్ళు నొచ్చును. అతనికి ఎనుబదికి కొంచె మటునిటు గల నడుము, మొనకడ స్వల్పమైన రాకరు, పాదము క్రింద క్యాంబరు గల మెత్తని స్కీ తగినది. స్కీకంటె ముందు చూడవలసినది కట్టు. పడినప్పుడు బూటును విడిచిపెట్టవలసిన ఆ బిగింపును మనిషి బరువునకును నేర్పునకును సరిపోవునట్లు తెలిసినవానిచేత పెట్టింపవలెను. పలక వంకలకై గంట సేపు వాదించి కట్టును చూడక పోవువారే ఎక్కువ.

వెడల్పైన రాకరు స్కీకి ఇంకొక దోషము కలదు; అది పలకలోనిది కాదు, దాని నెక్కినవాని మనస్సులోనిది. పూర్వము ఏండ్ల తరబడి నేర్చినవారే చొరగల లోతుమంచులో, అది ఉన్నచో స్వల్పకాలములోనే చొరవచ్చును. ముప్పదినుండి నలువదియైదు డిగ్రీల వాలుపై క్రొత్తగా కురిసిన మంచు తరచుగా ఒక్క పెట్టున విరిగి జారును. గుల్మార్గులో సైన్యమువారు 1948లోనే స్కీ పాఠశాల స్థాపించిరి. 1962లో అది హై ఆల్టిట్యూడ్ వార్‌ఫేర్ స్కూలుగ మారినది. మంచునెరిగిన ఆ పాఠశాలవారిపైననే 2010 ఫిబ్రవరి 8న మంచుచరియ విరిగిపడి పదునేడుగురు సైనికులు మరణించిరి. ఏ వంపు గల స్కీయు చరియ నాపలేదు. ఆ వాలుపై ఆ దినమున పోవచ్చునో కూడదో అచటి గస్తీవారి నడిగి తెలిసికొనిన తరువాతనే స్కీని గూర్చిన మాట.

గుల్మార్గు అంగళ్ళలో స్కీలు అద్దెకు దొరకును. వానిపై వ్రాసిన అంకెలు చెరిగిపోయినను వాని జాతిని కనుగొనవచ్చును. జత స్కీలను అడుగుకు అడుగు తగులునట్లు నిలువుగా పట్టి వెలుతురునకు ఎదురుగ నుంచి చూడవలెను. నడుమ మాత్రమే సందున్నచో అది క్యాంబరు. నడుమ అంటుకొని కొనలు విడిపోయినచో అది రాకరు. నడుమ సన్నని సందును, దానికి పైన అంటుకొనిన చోటును, మొనకు జానెడో మూరెడో ఇవతలనే మరల విడిపోవుటయు కనబడినచో అది రెండును కలిసినది. ఆ విడిపోవు చోటు మొనకెంత దూరమున నున్నదో వ్రేళ్ళతో కొలిచినచో, ఆ జత పొడిమంచుకై చేసినదో, గట్టివాలుకై చేసినదో చాలవరకు తెలిసిపోవును.