పంపు ఆపాక కదిలిన నేల

స్విట్జర్లాండ్‌లోని బాసెల్ నగరం అడుగున గ్రానైట్ ఉంది. అందులోకి 5 కిలోమీటర్ల లోతున బావి తవ్వి, 2006 డిసెంబరు 2న నీళ్లు ఎక్కించడం మొదలుపెట్టారు. పగుళ్లు తెరుచుకుంటే ఒక బావిలో చన్నీళ్లు పోసి, ఇంకో బావిలోంచి సలసల కాగేవి తోడి కరెంటు తీయొచ్చని ఆలోచన. ఆరు రోజుల్లో సుమారు 11,500 ఘనపు మీటర్ల నీళ్లు దిగాయి. చిన్న చిన్న అదుర్లు పెరుగుతుంటే 8న పంపు ఆపేశారు. ఆపిన కొన్ని గంటలకే 3.4 తీవ్రతతో ఊరు ఊగింది. 1356లో భూకంపానికి కూలిపోయిన ఊరది, జనం హడలిపోయారంటే వింతేముంది? 2009లో ప్రాజెక్టు రద్దయింది.

పంపు ఆపాక ఎందుకు కదిలినట్టు?

పగులులో నీటి పీడనం పెరిగితే దాని రెండు ముఖాలను కలిపి బిగించి ఉంచే బలం తగ్గుతుంది. ఇంజినీరు టెర్జాగీ 1920లలో మట్టి గురించి చెప్పిన సూత్రమే ఇది. బిగువు సడలినచోట, ముందునుంచే ఒత్తిడిలో ఉన్న రాయి జారుతుంది. గరుకు ముఖాలు జరిగాక మళ్లీ సరిగ్గా అతకవు, మిట్ట మీద మిట్ట ఆగి సందు మిగులుతుంది. ఇంజినీర్లకు కావలసిందీ ఆ సందే. మేలు చేసే చిన్న జారుడూ, ఊరిని ఊపే పెద్ద జారుడూ ఒకే కారణంతో పుడతాయి. పంపు కట్టేస్తే బావి దగ్గర పీడనం పడిపోతుంది కానీ, దూరం పోయింది ఇంకా పాకుతూనే ఉంటుంది. అలా పాకి కొత్త పగులును తాకిందంటే అక్కడ మళ్లీ కదలిక.

గ్రానైట్ నేలలో బోరు వేయించిన తెలంగాణ రైతుకు పగులు విలువ చెప్పనక్కర్లేదు. తగిలితే నీళ్లు, తగలకపోతే దుమ్ము. చౌటుప్పల్ దగ్గర జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ (ఎన్‌జీఆర్‌ఐ) శాస్త్రవేత్తలు అలాంటి రాతిలోనే నీటి నడకను పరిశీలిస్తుంటారు. పగులు వెడల్పు రెట్టింపైతే ప్రవాహం రెండింతలు కాదు, ఎనిమిదింతలు అవుతుంది. వెంట్రుక మందం తేడాతో లెక్కంతా తారుమారు.

దీనికి వేడి తోడైతే కథ ముదురుతుంది. చన్నీళ్లు తగిలిన రాయి కుంచించుకుపోతుంది, పగులు వెడల్పవుతుంది. నీళ్లన్నీ ఆ దారే పడతాయి, ఆ దారే ఇంకా చల్లబడుతుంది. చివరికి అవతలి బావిలో గోరువెచ్చని నీళ్లే మిగలొచ్చు. అయితే చల్లని నీరు చిక్కన. 20 డిగ్రీల దగ్గర నీటి జిగట 200 డిగ్రీల దగ్గరకంటే ఏడు రెట్లకు పైనే, కాబట్టి ప్రవాహానికి కొంత బ్రేకు పడుతుంది. రెండింటిలో ఏది నెగ్గుతుందో నోటిలెక్కతో తేలదు.

అందుకే కంప్యూటర్ మోడల్. వేడికీ, నీటికీ, రాతికీ విడివిడిగా సమీకరణాలు ఎప్పటినుంచో ఉన్నాయి. చిక్కల్లా ఒకదాని జవాబు ఇంకోదాని ప్రశ్నను మార్చేయడమే. పీడనం రోజుల్లో వందల మీటర్లు పోతుంది, చల్లదనం గ్రానైట్‌లో ఏడాదికి ఐదారు మీటర్లు దాటదు. ఈ రెండు వేగాలూ ఒకే లెక్కలో ఇమడాలి. నీటికీ వేడికీ ఒక ప్రోగ్రాం, రాతికి ఇంకోటి నడిపి అడుగడుగునా అంకెలు అందించుకునే పద్ధతి ఒకటుంది. అమెరికాలో టఫ్‌2, ఫ్లాక్ అనే ప్రోగ్రాంలను అలాగే జతచేశారు. అణువ్యర్థాలను భూమిలో దాచే పని కోసం 1992లో మొదలైన డెకోవాలెక్స్ అనే ప్రాజెక్టులో పలు దేశాల బృందాలు ఒకే సమస్యను ఎవరి కోడ్‌తో వారు చేసి జవాబులు పోల్చుకుంటాయి.

మోడళ్లు గీసే రంగురంగుల బొమ్మల మీద నాకు గురి తక్కువ. సమీకరణాల్లో లోపం ఉందని కాదు, పగుళ్ల పటమే సగం ఊహ. బావి గోడ మీద కనిపించే పగులు వంద మీటర్ల అవతల ఎటు తిరిగిందో ఎవరు చూశారు?

దక్షిణ కొరియాలోని పోహాంగ్‌లో, బాసెల్ లాంటి ప్రాజెక్టులోనే, 2017 సెప్టెంబరులో నీళ్లు ఎక్కించడం ఆపారు. నవంబరు 15న 5.5 తీవ్రతతో భూకంపం వచ్చింది. ఎక్కించిన నీళ్లే దాన్ని రేపాయని 2019లో ప్రభుత్వ నిపుణుల బృందం తేల్చింది. ఒక బావి తవ్వేటప్పుడు సుమారు 3.8 కిలోమీటర్ల లోతున డ్రిల్లింగ్ బురద ఉన్నట్టుండి రాతిలోకి ఇంకిపోయింది. భూకంపం పుట్టిన పగులు బావిని దాటిపోయింది అక్కడేనని ఆ బృందం గుర్తించింది.