సదస్సుకు పిలుపు వస్తే చార్జీలు ఎవరిస్తారు?



బళ్లారి అయినా, హోసూరు అయినా, బరంపురం అయినా మన ఇళ్ల పిల్లలు ఇప్పుడు కంప్యూటర్ శాస్త్రంలో ఎం.టెక్., పిహెచ్.డి. దాకా వెళుతున్నారు. వారిలో ఒకరు ఫోను చేసి, "నాన్నా, నా పరిశోధనా పత్రం అంగీకరించారు, సదస్సుకు విదేశం వెళ్లాలి" అంటే ఇంట్లో సంతోషం, వెంటనే దిగులు. బంగారం తాకట్టు పెట్టే ముందు కొన్ని సంగతులు తెలుసుకోండి.

అసలు వెళ్లడం అవసరమా? అవసరమే. కంప్యూటర్ శాస్త్రంలో ముఖ్యమైన ఫలితాలు ఎన్నో సదస్సుల్లోనే వెలువడతాయి. రచయితల్లో ఒకరు రుసుము కట్టి, సభలో పత్రాన్ని వివరించాలని చాలా సదస్సుల నిబంధన. కనుక ఇది విహారయాత్ర కాదు, చదువులో భాగం.

సహాయానికి దారులు చాలా ఉన్నాయి. మొదట అడగవలసింది గైడునూ, విశ్వవిద్యాలయాన్నీ. తర్వాత సదస్సు నిర్వాహకులను. విద్యార్థులకు ప్రయాణ సహాయం ఇచ్చే సదస్సులు ఎన్నో. సదస్సు పనుల్లో చేయి వేసే విద్యార్థులకు రుసుము మినహాయించేవీ ఉన్నాయి.

1947లో అమెరికాలో పుట్టిన కంప్యూటర్ శాస్త్రజ్ఞుల సంఘం ఏ.సి.ఎం. దాని భారత విభాగం, ఐ.ఏ.ఆర్.సి.ఎస్. అనే మన దేశపు సంఘంతో కలిసి, విదేశాల్లో పత్రం సమర్పించే విద్యార్థులకు ప్రయాణ సహాయం చేస్తూ వస్తోంది. ఏ.సి.ఎం. మహిళా విభాగమైతే, పత్రం లేకపోయినా సదస్సు వినడానికి వెళ్లే విద్యార్థినులకు కూడా ఉపకార వేతనం ఇస్తుంది.

విదేశమే వెళ్లాలని లేదు. ఐ.ఏ.ఆర్.సి.ఎస్. ఆధ్వర్యంలోని ఎఫ్.ఎస్.టి.టి.సి.ఎస్. సదస్సు 1981లో మొదలైంది. ఏటా డిసెంబరులో మన దేశంలోనే జరుగుతుంది. రైలు టికెట్టుతో పోయిరావచ్చు.

ఇక అసలు చిక్కు ఒకటి ఉంది. చాలా సంస్థలు డబ్బు ముందుగా ఇవ్వవు. తిరిగి వచ్చి టికెట్లు, రసీదులు చూపిన తర్వాతే ఇస్తాయి. అది కూడా మొత్తం ఖర్చుకు సరిపోకపోవచ్చు. చేతిలో డబ్బు లేని పిల్లలు ఇక్కడే ఆగిపోతారు. అందుకని దరఖాస్తు పెట్టేటప్పుడే మూడు ప్రశ్నలు అడగమనండి: ఎంత ఇస్తారు? ఎప్పుడు ఇస్తారు? అడ్వాన్సు ఇస్తారా? వారు ఇవ్వకపోతే, విభాగం నుంచి అడ్వాన్సు ఇప్పించమని గైడును అడగాలి. బోర్డింగు పాసుతో సహా ప్రతి కాగితమూ భద్రంగా దాచాలి.

పాసుపోర్టు పరిశోధనలో చేరిన ఏడాదే తీసుకోవడం మంచిది. పత్రం అంగీకారానికీ, సహాయం దరఖాస్తు గడువుకూ మధ్య కొద్ది రోజులే ఉండవచ్చు.

ఇంట్లో తెలుగు, బడిలో కన్నడమో తమిళమో ఒడియానో చదివిన మన పిల్లలు ఇంగ్లీషులో దరఖాస్తు అనగానే జంకుతారు. అక్కడ గొప్ప భాష అక్కరలేదు. చేసిన పని ఏమిటి, వెళ్లడం ఎందుకు, ఖర్చెంత, మిగతా సొమ్ము ఎక్కడినుంచి వస్తుంది అనేవి సూటిగా రాస్తే చాలు.

అడగడం నామోషీ కాదని ఇంట్లో పెద్దలుగా మీరే వారికి చెప్పండి. ఆ నిధులు ఏర్పాటు చేసింది విద్యార్థుల కోసమే. సెలవు.