కారెట్లు ఉడికితే కొంప మునిగినట్టే!

ఫ్రెంచివారికి వంటమీద ఎంత మక్కువో, వంటింటి మాటలతో ఎత్తిపొడవడంమీదా అంతే మక్కువ. మాంసంలో ద్రాక్షసారా పోసి, కారెట్లు వేసి, సన్నసెగమీద గంటలకొద్దీ మగ్గబెట్టే కూర 'దోబ్'. ప్రొవాన్సు సీమలో దానికెంతో పేరు. అయినా చూసిన సినిమా బాగులేకపోతే, 'ఒట్టి దోబ్!' అనేస్తారు. పాపం, ఆ కూర ఏం చేసిందో! సిపాయిలు తమకు వడ్డించే నాసిరకం కూరను 'రతా' అనేవారు. 'రతతూయ్'కి అది పొట్టిపేరు. పోలీసులు దొంగను గుచ్చిగుచ్చి ప్రశ్నిస్తే, వాణ్ణి 'వండుతున్నారు' అంటారు.

అన్నిటికన్నా చిత్రమైనది 'కారెట్లు ఉడికిపోయాయి' అన్న మాట. ఇక ఆశ లేదని దాని అర్థం. మనకు పప్పులు ఉడక్కపోతే గదా పని చెడేది, వాళ్లకు కారెట్లు ఉడికితే చెడుతుంది! నిఘంటువును నమ్ముకున్న అనువాదకుడు, నవలలో రోగి మంచం పక్కన వైద్యుడు ఈ మాట అంటే, 'భోజనం సిద్ధం' అని రాసి ఊరుకుంటాడు.