అడగకుండా కట్టిన ఇల్లు

ఒకరోజు పొద్దున్నే లేచేసరికి మీ వీధి తలుపుమీద ఒక కాగితం అంటించి ఉందనుకోండి. దానిమీద ఇలా రాసి ఉంది: "మీ పెంకుటిల్లు పాతబడింది. దాన్ని తీసేసి, అదే స్థలంలో డాబా ఇల్లు కట్టిస్తాం. మీకు పైసా ఖర్చు లేదు." మీ నాన్నగారు "ఇప్పుడెందుకులే" అనుకుని ఆ కాగితం చించి పారేశారు. మర్నాడు మీరంతా పెళ్ళికి వెళ్ళి తిరిగి వచ్చేసరికి పెంకుటిల్లు లేదు. డాబా ఇల్లు ఉంది! "ఇదేమిటయ్యా, మేము ఒప్పుకోలేదుగా?" అని నాన్నగారు అడిగితే మేస్త్రీ నింపాదిగా అన్నాడు: "కాగితం చించారుగా! చించితే ఒప్పుకున్నట్టే."

ఇల్లు బాగానే ఉంది. కానీ తాతగారి పందిరిమంచం కొత్త గుమ్మంలోంచి పట్టడం లేదు. అమ్మకి పోపులడబ్బా ఎక్కడుందో కనిపించడం లేదు.

ఇలా ఎక్కడైనా జరుగుతుందా అని నవ్వుకుంటున్నారు కదూ? ఇళ్ళ సంగతేమోగానీ, కంప్యూటర్ల విషయంలో 2016లో అచ్చంగా ఇలాగే జరిగింది. ఆ కథలో మనం నేర్చుకోవలసింది చాలా ఉంది.

కంప్యూటర్ ఉండే ఇల్లు

కంప్యూటర్‌లో మీరు ఉత్తరం టైపు చేస్తారు, బొమ్మ గీస్తారు, ఆట ఆడతారు. ఒక్కొక్క పనికి ఒక్కొక్క ప్రోగ్రాం ఉంటుంది. అయితే మీరు 'క' అక్షరం నొక్కగానే ఆ సంగతి కనిపెట్టేదెవరు? తెరమీద ఆ అక్షరాన్ని చూపించేదెవరు? ఫైలును డిస్కులో ఏ మూల దాచాలో, ఏ ప్రోగ్రాంకి ఎంత మెమరీ ఇవ్వాలో నిర్ణయించేదెవరు? ఈ చాకిరీ అంతా చేసేదే ఆపరేటింగ్ సిస్టమ్. విండోస్, లినక్స్, ఆండ్రాయిడ్ అలాంటివే. మిగతా ప్రోగ్రాములన్నీ ఆ ఇంట్లో కాపురం ఉండేవాళ్ళు.

ప్రింటర్ లాంటి పరికరాలతో మాట్లాడటానికి ఆపరేటింగ్ సిస్టమ్‌కి ఒక దుబాసీ కావాలి. దాన్ని డ్రైవర్ అంటారు. ఇల్లు మారితే పాత దుబాసీకి కొత్త ఇంటి భాష తెలియకపోవచ్చు. అప్పుడు నిన్నటిదాకా చక్కగా పనిచేసిన ప్రింటర్ ఇవాళ మొరాయిస్తుంది. ప్రింటర్ చెడిపోలేదు. పందిరిమంచం గుమ్మంలో ఇరుక్కుంది, అంతే!

గుర్రం ఎగరావచ్చు అన్నట్టు...

మైక్రోసాఫ్ట్ కంపెనీ 2015 జులై 29న విండోస్ 10ని విడుదల చేసింది. విండోస్ 7, 8.1 వాడుతున్నవారికి ఏడాదిపాటు దాన్ని ఉచితంగా ఇస్తామన్నది. తెర అడుగున కుడిపక్క ఒక చిన్న బొమ్మ ప్రత్యక్షమై, "కొత్తది కావాలా?" అని అడగసాగింది. కావాలన్నవారు సంతోషంగా తీసుకున్నారు. వద్దనుకున్నవారిని మాత్రం ఆ బొమ్మ వదల్లేదు.

2016 ఫిబ్రవరిలో కంపెనీ ఈ మార్పుని 'ఐచ్ఛికం' జాబితాలోంచి 'సిఫారసు' జాబితాలోకి మార్చింది. సిఫారసు చేసినవన్నీ వాటంతటవే వచ్చేలా పెట్టుకున్న కంప్యూటర్లలోకి విండోస్ 10 తనంత తానే దిగి కూర్చుంది. దాని బరువు దాదాపు 3 గిగాబైట్లు. కొలిచి డేటా కొనుక్కునేవారికి అది మాటలు కాదు.

ఆ తరవాత వచ్చింది అసలు తమాషా. "ఫలానా రోజు ఫలానా వేళకి మీ కంప్యూటర్ మారుతుంది" అని ఒక ప్రకటన తెరమీదకి వచ్చేది. ఏ ప్రకటననైనా వద్దనుకుంటే మూలనున్న ఇంటూ గుర్తు నొక్కి మూసేస్తాం కదా? ఇక్కడ అది నొక్కినా ముహూర్తం రద్దయ్యేది కాదు! కాగితం చించితే ఒప్పుకున్నట్టే! జనం గగ్గోలు పెట్టాక, 2016 జూన్ చివరలో కంపెనీ ఆ పద్ధతి మార్చుకుంది. కాలిఫోర్నియాలో ఒక ట్రావెల్ ఏజెంటు ఈ మార్పువల్ల తన కంప్యూటర్ పాడై వ్యాపారం దెబ్బతిన్నదని కోర్టుకెక్కితే, కంపెనీ 10,000 డాలర్లు చెల్లించవలసి వచ్చింది. ఆ ఏడాది డిసెంబరులో మైక్రోసాఫ్ట్ మార్కెటింగ్ అధిపతి క్రిస్ కపోసెలా స్వయంగా, హద్దు దాటామని ఒప్పుకున్నారు.

మరి జనం ఏం చేశారు? చాలామంది విసుగెత్తి, "అసలు మేస్త్రీకే తలుపు తియ్యొద్దు" అనుకున్నారు. అంటే కంప్యూటర్‌కి వచ్చే మార్పులన్నిటినీ ఒక్క దెబ్బతో ఆపేశారు. కోపం న్యాయమైనదే. మందు మాత్రం సరైనది కాదు. ఎందుకో చూద్దాం.

మరమ్మతు వేరు, కొత్త ఇల్లు వేరు

మేస్త్రీ రెండు రకాల పనులకి వస్తాడు. వానాకాలం ముందు పగిలిన పెంకులు మార్చడానికి రావడం ఒకటి. ఇల్లే మార్చడానికి రావడం రెండోది. కంప్యూటర్‌లో మొదటిదాన్ని భద్రతా అప్‌డేట్ అంటారు. రెండోదాన్ని అప్‌గ్రేడ్ అంటారు. రెండూ ఒకే దారిలో వస్తాయి. చిక్కంతా అక్కడే ఉంది.

ఆపరేటింగ్ సిస్టమ్ అంటే కోట్ల పంక్తుల ప్రోగ్రాం. అంత పెద్ద రాతలో తప్పులు దొర్లక మానవు. కొన్ని తప్పులు దొంగలకి కన్నాల్లాగా ఉపయోగపడతాయి. కన్నం సంగతి తెలియగానే కంపెనీ మరమ్మతు పంపుతుంది.

ఇక్కడొక విచిత్రం ఉంది. మరమ్మతు వచ్చాక, వేయించుకోనివాడికి ప్రమాదం ముందుకన్నా ఎక్కువ! కారణం ఊహించగలరా? దొంగ ఆ మరమ్మతుని తెచ్చుకుని, పాత ప్రోగ్రాంని కొత్తదానితో పక్కపక్కన పెట్టి చూస్తాడు. ఎక్కడ మార్చారో అక్కడే కన్నం ఉండేదని వాడికి తెలిసిపోతుంది. ఇంక కన్నం పూడ్చుకోని ఇళ్ళు వెతుక్కోవడమే వాడి పని.

59 రోజుల గడువు

2017 మార్చి 14న మైక్రోసాఫ్ట్ అలాంటి మరమ్మతు ఒకటి విడుదల చేసింది. కంప్యూటర్లు ఒకదానితో ఒకటి ఫైళ్ళు పంచుకునే ఏర్పాటులో ఉన్న కన్నం అది. సరిగ్గా 59 రోజుల తరవాత, మే 12న, 'వాన్నాక్రై' అనే పురుగు ప్రపంచం మీద పడింది. ఎవరూ ఏదీ నొక్కనక్కర్లేకుండానే ఒక కంప్యూటర్ నుంచి మరోదానికి పాకింది. ఫైళ్ళన్నిటికీ రహస్యలిపి తాళం వేసి, 300 డాలర్లు ఇస్తేగానీ తియ్యనన్నది. సుమారు 150 దేశాల్లో రెండు లక్షలకు పైగా కంప్యూటర్లు దాని బారిన పడ్డాయి. ఇంగ్లండులో ఆస్పత్రుల పని స్తంభించింది. 19,000కు పైగా అపాయింట్‌మెంట్లు రద్దయి ఉంటాయని అంచనా. మన ఆంధ్రప్రదేశ్‌లో కొన్ని పోలీసు కంప్యూటర్లకి కూడా సోకింది.

దెబ్బతిన్నవాటిలో చాలా ఎక్కువ భాగం విండోస్ 7 కంప్యూటర్లు. అయితే, విండోస్ 10కి మారకపోవడమే వాటి తప్పా? కాదు! విండోస్ 7కి కూడా మార్చి 14నే మరమ్మతు వచ్చింది. ఆ మరమ్మతు వేయించుకున్న పాత పెంకుటిళ్ళు ఆ గాలివానకి చెక్కుచెదరలేదు. కొత్త ఇల్లు వద్దన్నవాడు నష్టపోలేదు. పెంకులు మార్చనివ్వనివాడే తడిసిపోయాడు.

ఎలా నిర్ణయించుకోవాలి?

రేపు మీ ఇంటి కంప్యూటర్ కూడా, ఆ మాటకొస్తే మీ అమ్మగారి ఫోను కూడా, ఇలాంటి కాగితం చూపిస్తుంది. అప్పుడు ఈ ప్రశ్నలు వేసుకోండి.

ఒకటి: ఇది మరమ్మతా, కొత్త ఇల్లా? మరమ్మతయితే ఆలస్యం చెయ్యకండి. కొత్త ఇల్లయితే తొందర లేదు.

రెండు: పాత ఇంటికి మరమ్మతులు ఎన్నాళ్ళు వస్తాయి? అసలు కీలకం ఇదే. విండోస్ 7కి సాధారణ మరమ్మతులు 2020 జనవరి 14తో ఆగిపోయాయి. 2016లో "వద్దు" అన్నవాడు తెలివైనవాడే కావచ్చు. అదే మాట 2020 తరవాత కూడా అంటూ, ఆ కంప్యూటర్‌ని ఇంటర్నెట్‌కి తగిలించినవాడు మాత్రం తెలివైనవాడు కాడు.

మూడు: మన మంచం పడుతుందా? ప్రింటరూ, అవసరమైన ప్రోగ్రాములూ కొత్తదానిలో పనిచేస్తాయా? అసలు ఈ యంత్రం కొత్తదాన్ని మొయ్యగలదా? విండోస్ 11కి టీపీఎం 2.0 అనే భద్రతా ఏర్పాటు ఉండాలన్నారు. అది లేని పాత కంప్యూటర్లు లక్షణంగా పనిచేస్తున్నా, కొత్త ఇంటికి అర్హత లేకుండా మిగిలిపోయాయి. విండోస్ 10కి కూడా సాధారణ మరమ్మతులు 2025 అక్టోబరు 14తో ముగిశాయి. అలాంటి కంప్యూటర్ మీ ఇంట్లో ఉంటే పారేయనక్కర్లేదు. దానిలో ఉచితంగా దొరికే లినక్స్ ఎక్కించి చూడవచ్చు.

నాలుగు: సామాను భద్రంగా ఉందా? 2018 అక్టోబరు 2న విడుదలైన విండోస్ 10 మార్పు ఒకటి కొందరి ఫైళ్ళని తుడిచిపెట్టింది. నాలుగు రోజుల్లో దాన్ని ఆపవలసి వచ్చింది. అందుకే ముఖ్యమైన ఫైళ్ళకి ఇంకో నకలు తీసి, కంప్యూటర్ నుంచి విడిగా దాచండి. వాన్నాక్రై వచ్చినా, మేస్త్రీ పొరపాటు చేసినా కాపాడేది ఆ నకలే.

ఐదు: ఇది సమయమేనా? రేపు పరీక్ష పెట్టుకుని ఇవాళ ఇల్లు మారకండి. మీకు తీరిక ఉన్న రోజు మీరే ముహూర్తం పెట్టుకోండి.

చివరిగా ఒక్క మాట. మైక్రోసాఫ్ట్ చెప్పిన కారణాల్లో నిజం లేకపోలేదు. కొత్త ఇంటి గోడలు నిజంగానే గట్టివి. కానీ మంచి మందునైనా నిద్రపోతున్నవాడి నోట్లో పొయ్యకూడదు. అలా పోస్తే, రేపు నిజంగా జబ్బు చేసినప్పుడు వాడు మందంటేనే నోరు మూసుకుంటాడు. 2016లో జరిగింది అదే.

కనుక ఈసారి తలుపుమీద కాగితం కనిపిస్తే, చదవకుండా చించకండి. చదవకుండా సంతకమూ పెట్టకండి. ఇవాళే ఇంట్లో ఉన్న కంప్యూటర్ తెరిచి, దానిలో ఉన్నది ఏ ఆపరేటింగ్ సిస్టమ్, ఎన్నో నంబరుది, దానికి మరమ్మతులు ఏ తేదీదాకా వస్తాయి అన్న మూడు సంగతులూ కనుక్కుని ఒక కాగితంమీద రాసి గోడకి అంటించండి. ఆ కాగితం మీరు అంటించుకున్నది. దాన్ని ఎవరూ చించరు!