యంత్రము మనుష్యుని ఎరుగదు

1923 నవంబరు 28వ తేదీన భోగరాజు పట్టాభి సీతారామయ్యగారి పూనికతో బందరులో ఆంధ్రా బ్యాంకు వ్యవహారము ప్రారంభించిన పిమ్మట బహుకాలమువరకు, ఈ కృష్ణా డెల్టాలో ఖాతాదారుడు తన సొమ్ము తాను తీసికొనవలెనన్నను బ్యాంకు మెట్లెక్కి, చేవ్రాలో వేలిముద్రయో వేసి, తన్నెరిగిన గుమాస్తా యెదుట నిలువవలసియుండెడిది. ఆ పద్ధతియందు జాప్యము కలదు, విసుగును కలదు. కాని ఒకరి పాసుపుస్తకముతో మరియొకరు వచ్చినచో నిలదీయగల కన్ను కూడ కలదు. ఆ బ్యాంకు 2020 ఏప్రిల్ 1న యూనియన్ బ్యాంకులో విలీనమైనది. గుడివాడనుండి కైకలూరు పోవు దారిలోని ముదినేపల్లివంటి ఊళ్లలో, ధాన్యము అమ్మిన రైతు సొమ్మును, చేపల చెరువులమీద పనిచేయువాని జీతమును నేడు ఖాతాలో పడి, ఏటీఎంలోనుండి వెలువడుచున్నవి.

1967 జూన్ 27న లండనులోని ఎన్‌ఫీల్డులో బార్‌క్లేస్ బ్యాంకు నెలకొల్పిన తొలి నగదు యంత్రమునకు కారకుడైన జాన్ షెపర్డ్ బారన్ మన షిల్లాంగులో జన్మించినవాడు. రహస్యసంఖ్య ఆరంకెలుండవలెనని ఆయన తలంపగా, నాలుగంకెలకు మించి తనకు జ్ఞాపకముండదని భార్య చెప్పుటచే నాలుగే నిలిచెనని ఆయనయే తరువాత చెప్పియున్నాడు. మన దేశమున 1987లో బొంబాయిలో మొదటి యంత్రము వెలసినది. ఆ యంత్రము కార్డును ఎరుగును, పిన్ నెంబరును ఎరుగును; మనుష్యుని మాత్రము ఎరుగదు. ఆ రెండును ఎవని చేతనున్న వాడే దానికి ఖాతాదారుడు.

దొంగ చేయు ప్రయత్నమంతయు ఈ రెంటిని సంపాదించుటకే. పూర్వము కార్డు దూర్చు నోటిపై ఆకారమున సరిపోలు తొడుగునొకదానిని అమర్చి కార్డు వెనుకనున్న నల్లని అయస్కాంతపు పట్టీలోని వివరములను కాజేసి, అంకెల మీటలపైన దాచిన సూక్ష్మమైన కెమెరాతో పిన్ తెలిసికొని, నకలుకార్డు తయారుచేయుచుండిరి. పట్టీలోని సమాచారము ఎన్నడును మారదు గనుక నకలు సులభమయ్యెను. క్రొత్త కార్డులలోని చిప్ అట్లుగాక ప్రతి లావాదేవీకి క్రొత్త సంకేతమును పుట్టించును. కావుననే పాత పట్టీకార్డులను 2018 డిసెంబరు 31 లోపల మార్చవలెనని రిజర్వు బ్యాంకు ఆదేశించినది. నకలు కష్టమైన దొంగకు అసలు కార్డునే అపహరించుట మేలుగా తోచినది.

అందులకు వానికి కావలసినది యంత్రవిద్య కాదు, మన మొగమాటము. కండ్లు సరిగా కానరాని ముదుసలి మీటలకొరకు తడుముకొనుచుండగా, శుభ్రమైన బట్టలు కట్టిన యువకుడొకడు "తాతగారూ, ఇటివ్వండి, నేను తీసిపెడతా" అనును. పిన్ అడిగి తెలిసికొని, డబ్బు రాలేదని చెప్పియో, వచ్చిన డబ్బు లెక్కించి యిచ్చియో, అదే బ్యాంకుదైన మరియొక కార్డు ఆయన చేతిలో పెట్టి వెడలిపోవును. పెద్దలను ఆదుకొనుట ధర్మమని పెరిగిన మన పల్లెలలో, ఆదుకొనవచ్చినవానిని శంకించుట అమర్యాదగా తోచుట సహజము. కాని ఆ చిన్న గదిలో ఆ అమర్యాద చేయక తప్పదు. చూపు ఆననివారు కన్నబిడ్డలనో, బ్యాంకు పనివేళలలో లోపలి ఉద్యోగులనో ఆశ్రయించవలెను. పేరులేని కార్డులు అనేకము చలామణిలో ఉన్నవి గనుక, వెనుకభాగమున ఒక గుర్తు పెట్టుకొని, తిరిగి చేతికి వచ్చినప్పుడెల్ల చూచుకొనవలెను. పిన్ నొక్కునపుడు రెండవ అరచేతిని మీటలపై కప్పినచో దాచిన కెమెరాయును వెనుకనున్న కన్నును నిష్ఫలములగును. కార్డు యంత్రములో చిక్కుకొన్నచో గోడకు అంటించిన ఫోను నెంబరును నమ్మరాదు. అది దొంగదే కావచ్చును. బ్యాంకు నెంబరు కార్డు వెనుకనే ఉండును గాని అప్పుడది లోపల చిక్కియుండును గావున, ముందే వేరుగా వ్రాసికొనుట అవసరము.

ఎంత జాగరూకులైనను నష్టము కలుగవచ్చును. 2016లో బ్యాంకుల తెరవెనుక వ్యవస్థలో చొరబడిన దుష్టప్రోగ్రాము వలన సుమారు 32 లక్షల డెబిట్ కార్డుల భద్రత సందేహాస్పదమైనది. అందు ఖాతాదారుల తప్పేమియు లేదు.

నన్ను మిక్కిలి బాధించునది దొంగతనముకన్న దాని వెనుకటి మౌనము. మోసపోయిన పెద్దమనిషి కొడుకు కేకలువేయునని, కోడలు నవ్వునని, ఇరుగుపొరుగు చులకన చేయుదురని దినములు దాచును. ఆ దినములే ఆయనకు శత్రువులు. 2017 జులై 6నాటి రిజర్వు బ్యాంకు ఉత్తరువు ప్రకారము, తప్పు తనదిగాని బ్యాంకుదిగాని కాక మూడవవారి వలన సొమ్ము పోయినచో, బ్యాంకునుండి సమాచారము అందిన మూడు పనిదినములలో తెలిపిన ఖాతాదారునకు నష్టమే లేదు. నాలుగునుండి ఏడు పనిదినములలోపల తెలిపినచో సాధారణ పొదుపుఖాతాపై భారము పదివేల రూపాయలకు మించదు. పిన్ తానే చెప్పిన సందర్భమున తెలుపువరకు జరిగిన నష్టము తనదే, తెలిపిన పిమ్మట జరుగునది బ్యాంకుది. అనగా తప్పు చేసినవానికి త్వరపడవలసిన అగత్యము మరింత హెచ్చు. బ్యాంకునకు ఫోనుచేసి కార్డు నిలుపుదల చేయించి, ఫిర్యాదు సంఖ్య వ్రాసికొని, వెంటనే సైబరు నేరముల సహాయవాణి 1930కి తెలుపవలెను. ఖాతాదారుడే బాధ్యుడని నిరూపించు భారము బ్యాంకుదే. ముప్పది దినములలో సమాధానము రాకున్నను, వచ్చినది న్యాయముగా తోపకున్నను, రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు రుసుము లేకుండ మొరపెట్టుకొనవచ్చును.